బీడీకట్ట కాగితం

మా చిన్నాయన సండూరులో లారీ నడిపేవాడు. గోధుమ ఒంటికి పడదని, విరేచనాలు దానివల్లేనని మద్రాసు డాక్టరు చెప్పినప్పటి నుంచి జొన్నరొట్టె తప్ప ముట్టలేదు. పెళ్ళిళ్ళలో ఓళిగలు, అవే బొబ్బట్లు, వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "గోధుమది మనకొద్దప్పా" అనేవాడు.

బీడీలు కూడా మానమని చిన్నమ్మ పోరేది. ఆ పోరు పడలేక ముట్టించడం తగ్గించాడు. నోరు ఊరుకోక, బీడీకట్టకు అంటించిన కాగితాన్ని పళ్ళతో చింపి నమిలేవాడు.

"పొగ యాడుండాదే? కాగితమే గదా" అని ఆమెను చూసి నవ్వేవాడు.

విరేచనాలు మాత్రం ఆగలేదు. ఎండుకుపోయి, చివరికి పోయాడు.

మరుసటేడు కౌల్ బజార్‌లో బీడీలు చుట్టే షెడ్డుకు పనిమీద వెళ్ళాను. ఒకామె కట్టలకు కాగితాలు అంటిస్తోంది. గిన్నెలో బంక దేనితో చేశారని అడిగాను.

"మైదాపిండప్పా. ఉడకేస్తే గట్టిగా పట్టుకుంటాది."

మైదా అంటే గోధుమే. ఆయన ప్రాణం తీసింది అదేనని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను.

ఆ సాయంత్రం చిన్నమ్మ ఇంటికి వెళితే జొన్నపిండి తడుపుతోంది. ఇప్పుడైనా చపాతీలు చేసుకోవచ్చు కదా అన్నాను.

"ఆయనకు పడదు గదప్పా" అంది.