గుండిగలో ముగ్గురి కూర

వంట మేస్త్రి ఇల్లెక్కడని ఆ వీధిలో ఎవరినడిగినా, చెప్పేముందు ఒకసారి గుటక వేస్తారు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పూటకి నాలుగొందల మందికి వండిపెట్టిన చెయ్యి ఆయనది. గుప్పెట్లో ఉప్పు పట్టి, కంటితో తూచి గుండిగలో వేశాడంటే ఇక ఆ కూరకి తిరుగులేదు. గుండిగ అంటే ఇంట్లో ఉండే గిన్నె కాదు, పసిపిల్లాడు అందులో దాక్కుంటే ఓ పూటంతా వెతుక్కోవాలి. అంత చెయ్యి తిరిగిన మనిషి రిటైరయ్యాక ఇంట్లో ఇద్దరికి వండలేక తంటాలు పడుతున్నాడంటే ఎవరూ నమ్మలేదు. నమ్మింది ఒక్క ఆయన భార్యే. పాపం, తిన్నది ఆవిడ కదా.

ఆయన్ని ఆ పొయ్యి దగ్గరికి ఎవరూ పిలవలేదు. పెళ్ళయిన కొత్తలో తనే మాటిచ్చాడు. "నా ఉద్యోగం అయిపోయిన మర్నాటి నుంచీ నువ్వు వంటింటి గడప తొక్కక్కర్లేదు. వండేది నేను, కూర్చుని తినేది నువ్వు" అన్నాడు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కిటికీ పక్కన మిషను, మిషను మీద ఎప్పుడూ సగం కుట్టిన గౌను. అన్నేళ్ళూ ఆ గౌను సగంలో వదిలేసి లేచి, వండి, మళ్ళీ వచ్చి కూర్చున్న మనిషి. ఆయనేమో క్యాంటీన్లో మెతుకు ముట్టేవాడు కాదు. ఎంత ఆలస్యమైనా ఇంటికొచ్చి ఆవిడ చేతి వంటే తినాలి. ఆవిడ ఆయన గిన్నెని పాత దుప్పట్లో మూటకట్టి ఉంచేది. మూత తీస్తే ఆవిరి ముఖానికి కొట్టేది, ఆయన కళ్ళు మూసుకుని ముందు ఆ వాసన తినేవాడు. తిండి మీద అంత ప్రేమ ఉన్నవాడు వండితే ఎలా ఉండాలి?

మొదటి రోజు కూరలో ఉప్పు పడింది. అలవాటైన గుప్పెడే. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, "బావుందండీ, ఏడాదిపాటు నిలవ ఉంటుంది" అంది.

రెండో రోజు ఉప్పు చిటికెడే వేశాడు. కానీ దుంపలు సగం ఉడగ్గానే దర్జాగా పొయ్యి కట్టేశాడు. క్యాంటీన్లో అంతే మరి. పెద్ద గుండిగ పొయ్యి ఆపాక కూడా తన వేడితో తనే గంటసేపు మగ్గుతుంది, కూరకి అసలు రుచి వచ్చేది అప్పుడే. ఇంట్లో బుల్లి గిన్నెకి అంత ఓపికెక్కడిది? ఆయన స్నానం చేసి వచ్చేలోపు చల్లారి కూర్చుంది. ముక్క కొరికితే కరకరలాడింది. ఆ మర్నాడు పంతం పట్టి పొయ్యి ఆపకుండా వదిలేశాడు. నీళ్ళన్నీ ఇగిరిపోయి, గిన్నె మాడి, ఆ పొగకి కింది వాటాలో ఉండే ఆటో డ్రైవరు బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు. బొగ్గయిన కూర మీద బకెట్టెడు నీళ్ళూ పోసి, "ఇంకేం భయం లేదు మేస్త్రీ" అని ధైర్యం చెప్పి మరీ వెళ్ళాడు.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఇంటి బయట ఎక్కడా పొక్కలేదు. ఆ రోజు ఉప్పూ కారం, ఉడుకూ అన్నీ కుదిరాయి. గరిటెడు రుచి చూశాడు. బావుంది. నమ్మకం కుదరక ఇంకో గరిటె. నమ్మకం కుదిరిన సంతోషంలో ఇంకొకటి. నాలుగొందల మంది కూరలో నాలుగు గరిటెలు ఎవడికి లెక్క? ఆవిడ కంచం తీసుకుని వచ్చేసరికి ఖాళీ గిన్నెలో గరిటె మోగింది.

"అద్భుతంగా కుదిరిందే!" అన్నాడాయన, మూతి తుడుచుకుంటూ.

"మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. నాకు రెండు బ్రెడ్డు ముక్కలివ్వండి" అందావిడ.

కోప్పడి ఉంటే బావుండేది. కోప్పడలేదు. శుక్రవారం సాయంత్రం మిషను ఆపి నెమ్మదిగా చెప్పింది. "ఆదివారం అక్క భోజనానికి వస్తోంది. దాని నోటి సంగతి మీకు తెలుసు. ఆ ఒక్కరోజూ చూద్దాం. కుదరకపోతే సోమవారం నుంచి పొయ్యి నాకు వదిలెయ్యండి. మాటిచ్చారు, కష్టపడ్డారు, చాలు."

ఆ 'చాలు' దగ్గరే ఆయన ప్రాణం ఉసూరుమంది. వదినగారి ముందు పరువు పోతే పోయింది, నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటుంది. కానీ సోమవారం ఈవిడ మళ్ళీ సగం గౌను వదిలేసి లేవాలి. ఆ మాట తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగలేదు. తిండి విషయంలో ఆయనకలా ఎన్నడూ జరగలేదు.

శనివారం ఆవిడ దిండ్లు కుట్టడానికి కూర్చుని, "అటక మీంచి గుడ్డ ముక్కలు దించండి" అంది. ఆ ముక్కలుండేది గుండిగలోనే. ఉద్యోగం చివరి రోజున క్యాంటీన్ వాళ్ళు గుర్తుగా ఇచ్చిన సొట్టల గుండిగ అది. "దీన్ని ఇంట్లో పెడదామా, ఇంటినే దీంట్లో పెడదామా?" అని అప్పుడే అడిగి, ఆవిడ దాన్ని అటకెక్కించి కుట్టగా మిగిలిన ముక్కలన్నీ అందులో కుక్కింది. మేస్త్రి నిచ్చెనెక్కి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ముక్కల అడుగున ఏదో గరుకుగా తగిలింది. లాగి చూస్తే పాత దుప్పటి. తన అన్నం గిన్నెకి చుట్టిన దుప్పటే, కూర మరకలతో సహా.

నిచ్చెన మీదే నిలబడిపోయాడు. చిన్న గిన్నెలో వేడి నిలబెట్టే విద్య ఈ ఇంట్లో అన్నేళ్ళూ ఉంది. ఆ వేడన్నం తిన్నది తనే. గాడిదలా తిన్నాడే కానీ ఒక్కనాడూ ఆలోచించలేదు.

"ఏమండీ, పడ్డారా?" అని కింద నుంచి కేక వినిపించింది.

"లేదు, ఇప్పుడే లేచాను!" అన్నాడాయన.

ఆదివారం పొద్దున్నే, రాత్రి నానబెట్టిన చిక్కుడుగింజలు, దుంపలు, ఉల్లిపాయలు, టమాటాలు చిన్న గిన్నెలో పడ్డాయి. ఉప్పు చెంచాతో కొలిచి వేశాడు, తన గుప్పెడు మీద తనకే నమ్మకం పోయి. ఒక్కసారి, ఒకే ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూశాడు. పావుగంట తెర్లకాగనిచ్చి, మూత బిగించి, దుప్పట్లో చుట్టి, అటక మీంచి దించిన గుండిగలో పెట్టాడు. చుట్టూ గుడ్డ ముక్కలు కూరి, పైన దిండు వేసి, పెద్ద మూత పెట్టి, పొయ్యి కట్టేశాడు.

ఇక మొదలైంది అసలు శిక్ష. మూత తీస్తే వేడి పోతుంది. తియ్యకపోతే ప్రాణం పోయేలా ఉంది. ఎదురుగా స్టూలు వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం వదినగారు వచ్చింది. వస్తూనే వంటింట్లోకి తొంగిచూసి, పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమే చెల్లీ, పొయ్యి చల్లగా ఉందేంటే? మీ ఆయన ఇవాళ ఉపవాసం వండాడా?"

భార్య ముఖం పాలిపోయింది. సగం కుట్టిన దిండు పక్కన పెట్టి లేవబోయింది. "గుడ్లున్నాయి అక్కా, చిటికెలో అట్లు వేసేస్తాను."

"కూర్చో" అన్నాడు మేస్త్రి. నాలుగొందల మందిని వరసలో నిలబెట్టిన గొంతు అది. ఆవిడ కూర్చుంది.

గుండిగ మూత తీసి గుడ్డ ముక్కలు పక్కకి లాగుతుంటే, వదినగారు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో మరిదిగారూ, కూర వండమంటే ఉతకడానికి నానబెట్టారా?"

ఆయన మూట తెచ్చి బల్ల మీద పెట్టి, దుప్పటి విప్పి, మూత తీశాడు. గుప్పున ఆవిరి లేచింది. ఆ వాసనకి వదినగారి మాట నోట్లోనే ఆగిపోయింది, అలా ఆగడం ఆ ఇంట్లో అదే మొదలు. గింజలు వెన్నలా ఉడికాయి. దుంప గరిటె తగలగానే విడిపోయింది. మారు వడ్డించుకున్నాక, మూడోసారి గిన్నె తన వైపు లాక్కుంటూ, "నాకూ ఓ మూట కుట్టిపెట్టవే" అంది వదినగారు. కింది వాటా డ్రైవరు వాసన పట్టి వచ్చాడు, ఈసారి బకెట్టు లేకుండా.

మేస్త్రి చూస్తున్నది మాత్రం మొదటి నుంచీ భార్యనే. ఆవిడ మొదటి ముద్దకే కళ్ళు మూసుకుంది.

"ఉప్పు తగ్గిందా?" అడిగాడు భయంగా.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇన్నేళ్ళూ మీ గిన్నె దుప్పట్లో ఉండేది. నాది బయట ఉండేది. ఇంత వేడిగా నేనెప్పుడు తిన్నానో గుర్తులేదండీ."

ఆయన గిన్నెలో మిగిలినదంతా ఆవిడ కంచంలో వేసేశాడు. వదినగారు చూసి కూడా ఊరుకుంది.

సోమవారం పన్నెండయింది. రోజూ మిషను ఆగే వేళ అది. ఆ రోజు ఆగలేదు. గౌను పూర్తయ్యే దాకా గడగడా కొట్టుకుంటూనే ఉంది. దాని చప్పుడు మీంచి ఆవిడ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా, గట్టిగా కేక వేసింది.

"ఏమండీ! ఆకలేస్తోంది!"

పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆ మాట ఆయనే అనేవాడు. మేస్త్రి భుజాన తువ్వాలు వేసుకుని, గుండిగ మూత తీశాడు.