నీటిగీత కదలని పెట్రోలు

2018 అక్టోబరు. ఉదయం ఐదూ నలభైకి మా ఆర్మీ కాన్వాయ్ కోటబొమ్మాళి చేరింది. తుపాను తీరం దాటి రెండు రోజులైంది. సన్నగా వాన. కరెంటు లేదు. ఫోన్లు పలకవు. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడి ఉన్నాయి.

మేం నలభై రెండు మందిమి. నాలుగు డీజిల్ ట్రక్కులు, ఒక పెట్రోలు జిప్సీ జీపు, చెట్లు కోసే పెట్రోలు రంపాలు ఆరు. ఒక బడి వరండాలో దిగాం. నేను హవల్దార్ని, బళ్ళ మెకానిక్‌ని. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో మంచులో బళ్ళు బాగుచేశాను, ఎడారి ఇసుకలో బాగుచేశాను. సొంత జిల్లాలో డ్యూటీ మాత్రం అదే మొదలు. మాది రాజాం పక్క పల్లె. కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఆ పద్నాలుగు రోజులూ నాకు రెండు ఉద్యోగాలు. ఒకటి రెంచీ పట్టడం, రెండోది అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడం.

మేజర్ సాబ్ ఆర్డరు పొట్టిది. కాలవ గట్టు వెంట తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉన్న నాలుగు ఊళ్ళకు దారి తెగింది. గట్టు మీద పడ్డ చెట్లు కోసి తీయాలి. డాక్టరును రోజూ పొద్దున్నే ఆ ఊళ్ళకు చేర్చాలి. నానిన గట్టు ట్రక్కు బరువును మోయలేదు. పోగలిగింది జిప్సీ ఒక్కటే.

డాక్టరు కెప్టెన్ హోదాలో ఉన్న అమ్మాయి, హిమాచల్ నుంచి వచ్చింది. ఎప్పుడూ ఒళ్ళో ఒక నీలం ఐస్‌బాక్సు పెట్టుకుని కూర్చునేది. అందులో పాము విషానికి విరుగుడు మందు. "వరదకి పాములు మెట్టకెక్కుతాయి, మనుషులూ మెట్టకే ఎక్కుతారు" అంది మొదటి రోజే. ఆ మాట నా మనసులో నాటుకుంది.

రెండో రోజు దగ్గర్లోని బంకులో జిప్సీకి, రంపాలకు పెట్రోలు పోయించాం. మూడో రోజు ఏడున్నరకి వైర్‌లెస్ పలికింది.

"బేస్, డాక్టర్ని మాట్లాడుతున్నాను. నాలుగో కిలోమీటరు దగ్గర బండి ఆగిపోయింది. ఓవర్."

"కారణం? ఓవర్."

"దేవుడి దయ తప్పిందంటున్నాడు డ్రైవర్. మెకానిక్‌ను పంపండి. ఓవర్."

నడిచి వెళ్ళాను. బురద పిక్కల దాకా. డ్రైవర్ తమిళ తంబి, బానెట్ ఎత్తి ఇంజన్‌కి దండం పెట్టేలా నిలబడ్డాడు. స్టార్ట్ చేస్తే అంటుకుంటుంది. సెకండ్ గేర్లో వేస్తే ఎక్కిళ్ళు పెడుతుంది. నాలుగు గజాలు కుదుపుకుంటూ పోయి చచ్చిపోతుంది. ప్లగ్గులు చూశాను, ఫిల్టర్ చూశాను. ఈలోగా ముందున్న రంపాలవాళ్ళు కేకేశారు. ఆరింటిలో ఐదు మూగబోయాయట. నాలుగు ట్రక్కులూ మాత్రం నిక్షేపంలా నడుస్తున్నాయి. పెట్రోలు తాగేవి దాదాపు అన్నీ ఒకేసారి పడకేశాయన్నమాట.

ట్యాంకు అడుగునుంచి కొంచెం తీసి గాజు సీసాలో పోశాను. పది నిమిషాలకు సీసాలో రెండు పొరలు తేరాయి. పైన పెట్రోలు, కింద మబ్బుగా మరొకటి.

సుబేదార్ సాబ్ సీసా వాసన చూసి మీసం దువ్వాడు. "మనుషులకి రమ్ము లేక ఐదు రోజులైంది. బండికి తాగబోశావా?"

ఆయన నవ్వులాటకన్నాడు గానీ సంగతి అదే. పెట్రోల్లో ఇథనాల్ కొంత కలిపి అమ్ముతారు. అది చెరుకు మడ్డి నుంచి తీసే స్పిరిటు. పొడిగా ఉన్నంతకాలం రెండూ కలిసిమెలిసి ఉంటాయి. నీరు తగిలిందో, ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో లేచిపోతుంది. ఆ జంట ట్యాంకు అడుక్కి దిగుతుంది. ఇంజన్ పీల్చుకునేది అడుగునుంచే.

బంకుకు వెళ్ళాను. యజమాని లుంగీ పైకి కట్టి బురద తోడుకుంటున్నాడు. నా యాస వినగానే వరస కలిపేశాడు.

"నాను కల్తీ సెయ్నేదు బావా. ఇక్కడ మోకాల్లోతు నీరు నిలిసిపోనాది. మూత సందులోంచి ట్యాంకులోకి దిగిపోనాదేమో. సూడు, పంపుకి తాళం ఏసేస్తన్నాను. ఇంకొకడి బండి పాడవకూడదు గదా."

మంచి మనిషి. వర్షంలో చాయ్ కూడా తాగించాడు.

సాయంత్రం మేజర్ సాబ్ ముందు నిలబడ్డాను. ఇథనాల్ లేని పెట్రోలు కావాలన్నాను.

"నీరు లేని పెట్రోలు చాలదా?"

"ఎండాకాలమైతే చాలు సార్. ఇప్పుడు మన క్యాన్లు తడి, చేతులు తడి, వాన ఆగలేదు. ఉత్త పెట్రోల్లో నాలుగు చుక్కలు పడితే అవి విడిగా అడుగున కూర్చుంటాయి. వంపేస్తాను. ఇథనాల్ ఉంటే నీటిని కలుపుకుని దాచేస్తుంది. ఎప్పుడు విడిపోతుందో చెప్పలేం."

"ఎక్కడ దొరుకుతుంది?"

"తెలీదు సార్. వెతుకుతాను."

"రేపు సాయంత్రానికల్లా జిప్సీ నడవాలి."

మర్నాడు ఆరింటికి ట్రక్కులో ఎనిమిది జెర్రీక్యాన్లు వేసుకుని బయల్దేరాం. నా చేతిలో అదే సీసా, కడిగి ఆరబెట్టింది. పరీక్ష సులువు. సీసాలో వేలెడు నీరు పోసి, నీటి అంచు దగ్గర పెన్నుతో గీత పెట్టాలి. పైన పెట్రోలు నింపి, మూతపెట్టి కుదపాలి. తేరాక నీరు గీత దాటి పైకొచ్చిందా, ఇథనాల్ ఉన్నట్టు. గీత దగ్గరే ఉందా, లేనట్టు.

నరసన్నపేటలో బంకు మూసి ఉంది. అరసవల్లి జంక్షన్ దగ్గర పెట్రోలుంది, నీరు గీత దాటింది. పొందూరు దారిలో ఇంకొకటి, అదీ దాటింది. పదకొండు గంటలైంది. నాకు తెలిసిన బంకు ఇక రాజాంలోనే ఉంది. ఊరు సముద్రానికి దూరం, బంకు మెట్ట మీద.

అక్కడ మోటారు సైకిళ్ళ వరస బజారు మలుపు దాకా ఉంది. బంకు నడిపేది ఒక పెద్దావిడ, పాత వర్తకుల కుటుంబం. కుర్చీ వేసుకుని పంపు పక్కనే కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"తుపానుకి ముందొచ్చిన లోడు బాబూ. ఈసారి కలపడానికి ఇథనాల్ లేదని, ఉత్త పెట్రోలే పంపించామని డ్రైవర్ సెప్పినాడు. నిజమో అబద్ధమో నీ సీసానే అడుగు."

కుదిపాను. వరసలో ఉన్నవాళ్ళంతా బళ్ళు స్టాండేసి చుట్టూ మూగారు. అందరం సీసా వైపే చూశాం. సీసాలో బుడగలు సర్దుకున్నాయి. నీరు గీత మీదే నిలబడింది.

"కదల్నేదు! కదల్నేదు!" ఎవరో అరిచారు. క్రికెట్‌లో వికెట్ పడ్డట్టు చప్పట్లు.

"ఎనిమిది క్యాన్లంటే నా ట్యాంకు అడుగంటిపోతాది" అంది పెద్దావిడ. వరస వైపు తిరిగింది. "ఏటర్రా, వీళ్ళకి పోసేస్తే మీలో సగం మందికి ఉండదు. ఏటి సెయ్యమంటారు?"

ధాన్యం బస్తా కట్టిన బండి మీదున్న రైతు ముందుగా హేండిల్ తిప్పేశాడు.

"పొయ్యండమ్మా. పాము కరిసినోడు ఆగుతాడేటి? మేం తోసుకుని పోతాం."

వరస వరసంతా పక్కకు తప్పుకుంది. క్యాన్లు నిండుతుంటే వాళ్ళే అందుకుని ట్రక్కులోకి చేర్చారు. నేను తలొంచుకుని మూతలు బిగించాను. కళ్ళు తడవడం వానకేనని ట్రక్కు డ్రైవరుకు చెప్పాను.

సాయంత్రం నాలుగుకి తిరిగొచ్చి, మావాళ్ళు బడి దగ్గరికి తోసుకొచ్చిన జిప్సీ ట్యాంకు దింపి కడిగాను. పైపులు ఊది ఆరబెట్టాను. రంపాల కార్బరేటర్లు విప్పి తుడిచాను. ఆరున్నరకి జిప్సీ స్టార్ట్ చేశాను. ఎక్కిళ్ళు లేవు. కుట్టుమిషన్‌లా ఒకే తీరుగా పాట. సుబేదార్ సాబ్ బానెట్ మీద చేత్తో తాళం వేశాడు. ఆ రాత్రి రంపాలవాళ్ళు గట్టు మీద మిగిలిన చెట్లు కోసి చివరి ఊరి దాకా దారి తెరిచారు.

మర్నాడు ఆరూ పదికి వైర్‌లెస్. చివరి ఊళ్ళో ఉంచిన మా జవాన్ల పికెట్ నుంచి.

"పాము కాటు. ఆడమనిషి. రెప్పలు వాలిపోతున్నాయి. ఓవర్."

డాక్టర్ ఐస్‌బాక్సుతో ఎక్కేసింది. వెనక నేను, ఒక రంపం. తొమ్మిది కిలోమీటర్లు, అరగంట. గట్టుకు అటూ ఇటూ నీళ్ళు. దారిలో కొత్తగా ఒక తాటిచెట్టు అడ్డం పడి ఉంది. రంపం ఒక్క లాగుకు అంటుకుంది. ముక్కలు కాలవలోకి తోసి ముందుకు పోయాం. బండి ఒక్కసారి తడబడితే ఏమయ్యేదో ఈనాటికీ తల్చుకోను.

ఆవిడ పేరు అప్పలనర్సమ్మ. యాభై ఏళ్ళ రైతు. పడిపోయిన పాక గడ్డి తీస్తుంటే నాగు కరిచింది. నులక మంచం మీద ఉంది. మాట ముద్దగా వస్తోంది. డాక్టర్ సూది ఎక్కించి, మందు పెట్టి, నాడి పట్టుకుని కూర్చుంది. ఊరంతా మంచం చుట్టూ. తొమ్మిది గంటల ప్రాంతంలో రెప్పలు కొంచెం లేచాయి. అప్పలనర్సమ్మ మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసింది.

"ఏటందరూ నా మీదడిపోనారు? గేదికి గడ్డేసినారా నేదా?"

ఊరు గొల్లున నవ్వింది. ఏమందో చెప్పమని డాక్టర్ నా చొక్కా పట్టుకుని లాగింది. చెప్పాను. ఐదు రోజుల్లో ఆ అమ్మాయి నవ్వడం అప్పుడే చూశాను. వెంటనే జిప్సీలోనే టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

పద్నాలుగో రోజు కాన్వాయ్ వెనక్కి తిరిగింది. ఆ తర్వాత రెండేళ్ళకు నేను పెన్షన్ మీద ఇంటికొచ్చాను. ఇప్పుడు రాజాంలో కుర్రాళ్ళు అడుగుతుంటారు, ఇథనాల్ లేని పెట్రోలు పోస్తే బండి రాకెట్‌లా పోతుందా అని. పోదు. మైలేజీ కాస్త తేడా, అంతే. బండి రోజూ తిరుగుతూ ట్యాంకు పొడిగా ఉంటే రెండూ ఒకటే. నెలల తరబడి మూలన పెట్టే బండికి, పాత రబ్బరు పైపుల బండికి, తడిలో తిరిగేదానికి మాత్రం ఉత్త పెట్రోలే మేలని చెబుతాను.

నన్ను వదలనిది మాత్రం ఒక్కటే. మేం బయల్దేరే ముందురోజు అప్పలనర్సమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి దింపాం. ఎండ కాసింది. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. ఎప్పుడూ నడిచే గట్టే. బండిలో కూర్చుని చూస్తూ పోవడం మాత్రం ఇదే మొదలు. తంబి మూడో గేరు వేయబోయాడు.

"ఒరే బాబూ, మెల్లగా పోనీ. నానింకా సూడాల" అంది.

నేను చెప్పాను. తంబి మొదటి గేరుకు దింపాడు. ఇంజన్ సన్నగా పాడుతోంది. రెండు పక్కలా నీళ్ళలో ఆకాశం. సూది గుచ్చిన చోట పట్టీ ఇంకా ఉంది. ఆ చేతిని కిటికీ బయటికి చాపి, వేళ్ళు విడదీసి, గాలిని పట్టుకుంటూ నవ్వుతోంది ఆవిడ.