బురుల్చా చార్టులో తొలి కొట్టివేత

కాగితం మీద ఉన్నట్టే నడుచుకుని ఒక మనిషిని చంపితే, మీరు నిర్దోషులా?

నరీన్ కొండల్లోని ఒక జిల్లా ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళుగా అత్యవసర విభాగం నర్సుగా ఉన్న బురుల్చా ఈ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు. వైద్యుడి ఆదేశమే ఆమెకు శాసనం. అన్నేళ్ళలో ఆమె రాసిన చార్టుల్లో ఒక్క కొట్టివేత లేదని కొత్త నర్సులకు చూపించేవారు.

ఆ ఫిబ్రవరి ఆదివారం కుళాయిలు గడ్డకట్టాయి, ల్యాబుకు తాళం. చక్కెర విపరీతంగా పెరిగి చేరిన గొర్రెలకాపరి జెనిష్‌కు ఇన్సులిన్ డ్రిప్పు నడుస్తోంది. గంటకోసారి వేలు గుచ్చి, వచ్చిన అంకెను బట్టి డ్రిప్పు పెంచాలి, లేదా తగ్గించాలి. పన్నెండింటికి తొమ్మిది, వాళ్ళ కొలతలో మామూలుకు దగ్గరే. ఒంటిగంటకు, నీళ్ళు లేక వేలిని స్పిరిటు దూదితో పైపైన తుడిచి గుచ్చితే, ఇరవై ఆరు, మామూలుకు నాలుగింతలు! పట్టిక ప్రకారం డ్రిప్పు పెంచింది. చక్కెర కొలిచే యంత్రంలో పెట్టే పరీక్ష పట్టీల్లో అదే ఆఖరుది.

అరగంటలో జెనిష్ చెమటతో తడిసిపోయాడు. పిలిస్తే పలకడు.

కనుమదారిలో మంచులో చిక్కుకున్న డాక్టర్ మెదెర్‌బెక్‌కు ఫోన్ చేసి అంకె చెప్పింది.

"ఇంకా పెంచు."

"ఒళ్ళంతా చల్లటి చెమటండీ, డాక్టరుగారూ..."

"ఇరవై ఆరని నువ్వే చెప్పావు కదమ్మా! అంకెను నమ్మాలా, నీ బెంగను నమ్మాలా?"

ఫోన్ పెట్టేసి అతని చెయ్యి అందుకుంది. వేళ్ళు జిగటగా ఉన్నాయి. వాసన చూసింది. మంచం పక్కన ఉన్న తల్లి ఊల్కన్ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, వీడి వేలికేం రాశావు?"

"తిట్టనంటే చెబుతా. తేనె. పాలు మాన్పించిన రోజుల్లో వేలికి రాస్తే చప్పరించేవాడు, మొండిఘటం. ఒంటిగంటకు ముందు నువ్వు టీకి వెళ్ళినప్పుడు రాశా. నోట్లో పెట్టుకోకుండానే మగతలోకి జారాడు."

"నేను గుచ్చిన వేలికేనా?"

"అదే వేలికి తల్లీ. పాపం చేశానా?"

"నువ్వు కాదు. కడగకుండా గుచ్చింది నేను."

యంత్రం లెక్కపెట్టింది రక్తాన్ని కాదు, తేనెను. ఆ చల్లటి చెమట, పలకకపోవడం చూస్తే లోపల చక్కెర పడిపోయినట్టుంది; కానీ అసలు ఎంతుందో తేల్చే పట్టీ లేదు. పెంచిన డ్రిప్పు మాత్రం చుక్కచుక్కగా దిగుతోంది. తన ఊహ తప్పయితే చక్కెర ఇంకొంత పెరుగుతుంది, తన ఉద్యోగం పోతుంది. ఒప్పయితే, ఆలస్యమయ్యే ప్రతి నిమిషం ఈ మనిషి ప్రాణంలోంచి పోతోంది.

బురుల్చా డ్రిప్పు ఆపేసింది. గ్లూకోజును నరంలోకి ఎక్కించింది. అతని రెప్పలు ఇంకా కదలకముందే పెన్ను తీసి, ఇరవై ఆరును అడ్డంగా కొట్టేసి, పక్కన రాసింది: "వేలు కడగకుండా గుచ్చాను. ఆదేశాన్ని మీరి డ్రిప్పు ఆపింది నేనే." కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది.