ఒడ్డు చేరని ఓడ

ఆ పళ్ల ఆసుపత్రి కాంపౌండరు బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ‘బ్రేక్ ది ఐస్’ అనే ఇంగ్లీషు మాట ఎలా పుట్టిందో కనపడ్డవాళ్లందరికీ చెప్పాలి. పూర్తిగా చెబితే జబ్బెందుకవుతుంది? ఓడని నడిసముద్రంలో వదిలేసి లేచిపోతాడు.

“బెరుకు పోగొట్టి మాట కలపడమన్నమాట,” అని మొదలెడతాడు. “వెనకటికి చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టి ఓడలు ఇరుక్కునేవి. ముందో గట్టి ఓడ మంచు పగలగొడుతూ వెళ్తుంటే, వెనక సరుకు ఓడలు...” అంతే. దూది తెస్తానని మాయం.

కుర్ర డాక్టరమ్మకి ఒళ్లు మండేది. “బాబాయ్, ఆ ఓడని ఈ జన్మలో ఒడ్డుకి చేరుస్తావా?”

“చేరుతుందిలేమ్మా. దానికి లేని తొందర నీకెందుకు?”

ఒకరోజు లారీ డ్రైవరొచ్చాడు. ద్వారం పట్టనంత మనిషి. దవడ బుంగలా వాచింది. ఇదివరకోసారి సూది చూసి, చెప్పులు కూడా వదిలేసి పారిపోయిన ఘనుడు. ఇవాళా పారిపోతే చీము మెడలోకి దిగుతుందని డాక్టరమ్మ బెంగ. అతను కూర్చుంటాడు, లేస్తాడు, ఫ్యాను చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. నోటికి మాత్రం తాళం.

“తెరవండి. ఇంట్లో నా మీద తెరుస్తారుగా,” అంది వెంట వచ్చిన భార్య.

పెదవి కదల్లేదు. కళ్లు గుమ్మం మీదకి పోయాయి. బాబాయి తాపీగా స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

“నీ లారీ మంచులో ఇరుక్కుంటే ఏం చేస్తావయ్యా?”

“రివర్సు,” అన్నాడతను, పళ్లు విప్పకుండానే.

“వెనకా మంచే. ఓడ సంగతీ అంతే. ముందుకే పోవాలి. పోతోందా, ఇంతలో అడుగున ఏదో ఢాంమని తగిలింది...”

“ఏం తగిలింది?” అని డ్రైవరు నోరు బార్లా తెరిచాడు.

బాబాయి కనుబొమ్మ డాక్టరమ్మకేసి లేచింది. సూది దిగిపోయింది. కాసేపటికి పన్ను ట్రేలో టింగుమంది.

“ఇంహకీ... ఓహకేంహయింహీ?” అన్నాడు డ్రైవరు, తిమ్మిరెక్కిన నోటితో.

“కుట్లు విప్పించుకోడానికి రా. చెబుతాను.”

వాళ్లు వెళ్లాక డాక్టరమ్మ గ్లవ్సు విప్పుతూ ఆగింది. “అయితే కథ అందుకా ఆపేది? మరి నేను ఉద్యోగంలో చేరినరోజు పేషెంటుని వదిలేసి నాకెందుకు చెప్పావు?”

“ఆ రోజు గదిలో ఎక్కువ వణికింది నువ్వేగా తల్లీ,” అన్నాడు బాబాయి ట్రే కడుగుతూ.

డాక్టరమ్మ తలుపు సందులోంచి బయటికి తొంగిచూసింది.

“బాబాయ్, వరండాలో ఇద్దరు పేషెంట్లు బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు. త్వరగా వెళ్లి ఓడ తియ్యి.”