మా నాన్న మీదుగా పోయే బాట

మా పల్లె సమాధుల తోటలో మంచి బాట ఉంది. గేటు దగ్గర మొదలై చివరి వరుస దాకా ఎర్ర గ్రావెల్ పరిచి, అటూ ఇటూ రాళ్లు పాతిన బాట. ఎంత వానొచ్చినా కాలికి బురద అంటదు. ఆ బాట మా నాన్న మీదుగా పోతుంది. దాన్ని పట్టుబట్టి వేయించింది మా అమ్మ.

ఈ మాట చెబితే కొత్తవాళ్లు నా మొహం వంక అదోలా చూస్తారు. చూడనివ్వండి.

ప్రత్తిపాడు వైపు నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లకి బాట ఎందుకు కావలసివచ్చిందో చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఆ నేల చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. వానాకాలం అడుగు వేస్తే కాలు వస్తుంది గానీ చెప్పు రాదు. పత్తికీ మిరపకీ అంతకన్నా మంచి నేల లేదంటారు. మనుషుల్ని పూడ్చడానికి మాత్రం అంతకన్నా పాపిష్టి నేల లేదు.

మా పల్లెలో అందరం చర్చికి పోయేవాళ్లమే, దాదాపు అందరం కూలికి పోయేవాళ్లమే. చదువుకుని టీచర్లయిన కొద్ది ఇళ్లవాళ్లు తమవాళ్లకి సిమెంటు సమాధులు కట్టించి, సిలువ నిలబెట్టి, పేర్లు చెక్కించారు. మిగతావాళ్లం చెట్టు నాటేవాళ్లం. పూడ్చిన వారం తిరక్కుండా తలాపున ఒక మొక్క పెట్టి, మేకలు తినకుండా తుమ్మకంప కట్టి, అది నిలదొక్కుకునేదాకా నీళ్లు మోసేవాళ్లం. వేపో కానుగో, ఏది దొరికితే అది. ఈస్టరుకి ముందు సిమెంటువాళ్లు తమ సమాధులకి సున్నం కొడితే, మేము చెట్ల మొదళ్లకి కొట్టేవాళ్లం. ఆరాక దాని మీద ఎర్రమట్టితో సిలువ గీసేవాళ్లం. ఏ చెట్టు ఎవరిదో పసిపిల్లలకి కూడా తెలుసు. "మా తాత కానుగ కింద చదువుకుంటన్నా" అనడం మాకు మామూలు మాట. మా పల్లెకి పార్కంటూ ఉంటే అదే. ఎండాకాలం పరీక్షల చదువులన్నీ అక్కడే, మధ్యాహ్నం కునుకులూ అక్కడే.

మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఫోటో లేదు. నాకు తెలిసిన నాన్న ఒక వేపచెట్టు. అమ్మ మిరపకాయ కోతలకి పోతూ దాని దగ్గర ఆగి, సద్ది గిన్నె కింద పెట్టి, మొదలు మీద చెయ్యి వేసి రెండు మాటలు చెప్పి పోయేది. నా మీద చాడీలు కూడా చెప్పేది. "మీ నాయనతో చెప్పొచ్చా, ఇక నీ ఇష్టం" అని బెదిరించేది. నేను నిజంగానే భయపడేదాన్ని.

ఎనభైల మొదట్లో, బాగా ముసురు పట్టిన రోజున మా నాయనమ్మని పూడ్చాం. మోసేవాళ్లు గేటు దాటగానే మోకాళ్ల దాకా దిగబడ్డారు. ముందున్నవాడు తూలాడు, పెట్టె ఒరిగి బురదలో పడింది. మూత ఊడింది. ఇంతకన్నా చెప్పలేను. అమ్మ అక్కడే కూలబడి అత్త మొహాన్ని పైట చెంగుతో తుడిచింది. తుడిచేకొద్దీ చెంగుకున్న బురద మళ్లీ అంటుకునేది. వెనక గొడుగుల కింద నిలబడ్డ సంఘపెద్దలు కీర్తన ఆపాలా పాడాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజు నుంచి అమ్మ బాట కావాలని పట్టుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారి దగ్గర, పెద్దల ఇళ్ల ముందు, ఎక్కడ పడితే అక్కడ అదే మాట. "ఇంకెవురికీ మా అత్తకి జరిగినట్టు జరగగూడదయ్యా. ఒక్క బాట ఏయించండి." వినీ వినీ విసుక్కున్నారు గానీ ఆమె వదల్లేదు. చివరికి చర్చి కమిటీ సరేనంది. అమ్మ ఇంటింటికీ పోయి ఆ కబురు చెప్పింది. మగవాళ్లంతా వచ్చి పని చేస్తామని ఆమెకి మాటిచ్చారు.

బాటకి తాడు పట్టి గీత గీసినప్పుడు నేను గుంటూరు హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్నాను. ఆదివారం ఇంటికొచ్చేసరికి అమ్మ పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది. గేటు నుంచి తిన్నగా పోతే రిటైరయిన హెడ్మాస్టరు గారి తండ్రి సమాధి అడ్డమొచ్చిందట. కమిటీకి పెద్ద ఆ హెడ్మాస్టరు గారే. సమాధిని తొక్కకూడదు కాబట్టి గీతని పక్కకి తిప్పారు. తిప్పితే అది చెట్ల వరుస మీదికి పోయింది. వరుసలో మొదటిది మా వేప.

మీటింగు పెట్టమని అడిగాం. చర్చిలోనే పెట్టారు.

"బాట కావాలన్నది నువ్వే కదమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు.

"నేనేనయ్యా, కాదన్లా. చెట్లనొదిలి ఏయమంటన్నా."

"చెట్టుకల్లా తిప్పుకుంటా పోతే బాట పామల్లే మెలికలు తిరుగుద్ది. పెట్టె ఎట్టా మలుపుతారు?"

"మీ నాయనగారికి తిప్పారు గదయ్యా. అదీ సమాధేగా."

"చెట్టు చెట్టేనమ్మా. కొడితే మళ్లీ నాటుకోవచ్చు. మీ ఆయన ఎక్కడికి పోతాడు? అక్కడే ఉంటాడు."

కొందరు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లేచి, ఇటు తిప్పిన బాటని అటు తిప్పితే ఖాళీ నేలే ఉంది కదా అన్నాను. ఆ నేలని రేపటి సమాధుల కోసం ఉంచామన్నారు. ఎవరి సమాధుల కోసమో అడగలేదు. అడక్కపోయినా తెలుసు.

అప్పుడు పాస్టరు గారు మధ్యేమార్గం చెప్పారు. మంచివాడే ఆయన, అందరి చేతా మంచి అనిపించుకోవాలని చూసేవాళ్ల మంచితనం. క్రిస్మస్ లోపల ఎవరు సమాధి కట్టుకుంటే దాన్ని వదిలి బాట తిప్పుతారు, దాని చెట్టూ మిగులుతుంది. కట్టుకోలేనివాళ్ల చెట్టు పోతుంది. సబబుగా ఉందన్నారు అందరూ. చెట్లు పోయేవాళ్లు కూడా తలూపారు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. తీయడానికి పత్తి లేదు, కూలికి పిలిచే రైతు లేడు. సిమెంటు మాట ఎత్తే స్థితి కాదు మాది. అమ్మ పారా తట్టా పట్టుకుని తనే దిగింది. వాగు గట్టు నుంచి మట్టి మోసి, ఊక కలిపి తొక్కి, మా ఇంటి గోడలు ఎలా లేపారో అలాగే ఒక్కో వరుసా పెట్టి ఆరనిచ్చింది. పైన పేడతో అలికి సున్నం కొట్టింది. తలవైపు వేళ్లతో సిలువ దిద్దింది. వేప మొదలుని ఆనుకుని, నాన్న పొడుగున తెల్లగా లేచింది అది. ఆ తోటలో అంత అందమైన సమాధి ఇంకొకటి లేదు. కూతుర్ని కాబట్టి అంటున్నాననుకున్నా నాకేం ఫర్వాలేదు.

పండగ వెళ్లాక కమిటీ చూడటానికి వచ్చింది. హెడ్మాస్టరు గారు గొడుగు కొనతో అంచుని పొడిచారు. పెళ్ల రాలింది.

"ఇది సమాధేందమ్మా? అరుగు కదా. వానకి ఆగుద్దా?"

"మా ఇల్లూ ఇదే మట్టిదయ్యా. ఇన్నాళ్ల నుంచీ ఆగతానే ఉంది."

ఆయన గొడుగు కొనకి అంటిన మట్టి దులుపుకుని పక్క చెట్టు వైపు నడిచారు. పాస్టరు గారు తలెత్తి చెట్టు కొమ్మలు చూస్తూ నిలబడ్డారు.

ఆ మట్టి గోడల మధ్య మేం బతికితే అది ఇల్లు. ఓట్ల కోసం వచ్చినవాళ్లు కూడా దాన్ని ఇల్లనే అన్నారు. అదే మట్టి మా నాన్న మీద పెడితే మాత్రం సమాధి కాదు.

వేపని కొట్టిన రోజు అమ్మ గడప దాటలేదు. కొట్టింది పైవాళ్లు కాదు, మా పల్లెవాళ్లే, బాటకి పని చేస్తామని అమ్మకి మాటిచ్చినవాళ్లే. అమ్మ కట్టిన అరుగుని కూడా వాళ్లే చదును చేసి పైన గ్రావెల్ పోశారు. కొమ్మలు తలా కాసిని పొయ్యిలోకి పట్టుకుపోయారు. మా వాటా అని ఒక మోపు తెచ్చి గుమ్మం ముందు పడేశారు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. వానకి నానీ ఎండకి ఎండీ అక్కడే పుచ్చిపోయింది.

బాట బాగా కుదిరింది. కాదని ఎందుకనాలి? ఆ తర్వాత ఒక్క పెట్టె కూడా కింద పడలేదు. వానాకాలం ఎవరినైనా పూడ్చి వస్తూ, "నీ మూలానే అక్కా ఈ బాట" అని అమ్మతో అనేవాళ్లు. అమ్మ ఊఁ అనేది. తను మాత్రం ఆ బాట మీద ఎప్పుడూ అడుగు పెట్టలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర ఎగదోపుకుని, పక్కన బురదలో దిగబడుతూ నడిచేది. మతి చెడిందన్నారు.

ఎనభైల చివర అమ్మ మంచాన పడింది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "నాకు చెట్టు నాటమాక," అంది. "సిమెంటు పోయించు. గట్టిగా పోయించు. ఎవురు పొడిచినా రాలగూడదు."

పోయించాను. ఆమెని మోసుకెళ్లింది కూడా ఆ బాట మీదే. బురదలో నడవండని మోసేవాళ్లని ఏ మొహంతో అడగను? నాన్న పక్కన చోటు లేదు, బాట ఉంది. టీచరు తల్లి కాబట్టి ఆ ఖాళీ నేలలో చోటిచ్చారు. ఆ సమాధి జోలికి ఎవరూ రారు. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. చెప్పాల్సిన రెండు మాటలూ గబగబా చెప్పి తీసేయాలి.

అమ్మ పోయాక వచ్చిన మొదటి ఈస్టరుకి ముందు రోజు సున్నం డబ్బా పట్టుకుని తోటకి పోయాను. ఆమె సమాధికి కొట్టాక డబ్బాలో ఇంకా కాస్త మిగిలింది. అది నాన్నది. పట్టుకెళ్లి బాట మీద, వేప మొదలు ఉండే చోట నిలబడ్డాను. ఎక్కడ కొట్టాలో తెలియలేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో, వెనక నుంచి ఎవరో మర్యాదగానే అన్నారు.

"కాస్త పక్కకి జరగండి టీచరు గారూ, దారికి అడ్డంగా ఉన్నారు."

జరిగాను.