మగ్గాల చప్పుడు చాటున మా రహస్య సమావేశాలు

ఈ సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే లాభం లేదని నాకు ఈమధ్యే అర్థమైంది. మా వీధిలో దీన్ని ఇప్పటికే మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒక రకంలో మేమంతా జేసీబీకి అడ్డంగా పడుకున్నాం (ఎవరూ పడుకోలేదు, కూర్చున్నాం, అదీ చాపలు వేసుకుని). ఇంకో రకంలో నేను శత్రువుల గూఢచారిని కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చాను (నేను పట్టుకున్నదేమిటో ముందు ముందు చెబుతాను). మూడో రకంలో అసలు గొడవే లేదు. ఇలాగే వదిలేస్తే కొన్నాళ్లకు మా పిల్లలు అసలు గోడే లేదని కూడా అంటారు. వీధి మొత్తంలో గ్రంథాలయం సభ్యత్వం ఉన్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఈ బాధ్యత నా మీదే పడింది.

ఆ రోజుల్లో, అంటే గద్వాల జిల్లా కేంద్రం అయిన కొత్తలో, మా ఊళ్లో మనుషుల చూపే మారిపోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషి వీధి మలుపులో నిలబడి ఫోన్ మాట్లాడితే చాలు, ఇతను భూమి కొనడానికొచ్చాడా, కొనేసి చూసుకోవడానికొచ్చాడా అని కిటికీలన్నీ ఓరగా తెరుచుకునేవి. నేను పదో తరగతితో చదువు ఆపి మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ని. అయితేనేం, సాయంత్రం కాగానే గ్రంథాలయంలో ఉండేవాణ్ని. అపరాధ పరిశోధన నవలలు ఒక బీరువా మొత్తం అయిపోయాక రాజనీతి మీద ఒక లావు పుస్తకం దొరికింది. దాని మొదటి అధ్యాయాన్ని చెదలు తినేశాయి. అందువల్ల నా రాజనీతి ఎప్పుడూ రెండో అధ్యాయం నుంచే మొదలయ్యేది. ఆ రెండో అధ్యాయం గూఢచారుల గురించి.

మా ఇళ్ల వెనక ఒక ఖాళీ జాగా ఉండేది. చీర నేయడానికి ముందు నిలువు పోగులన్నీ కలిపి పడుగు తయారు చేస్తాం. దాన్ని పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దీనికి వంకర లేని జాగా కావాలి. మా వీధి చూస్తే గేదె కొమ్ములా తిరిగి ఉంటుంది. అందుకే మా తాతల కాలం నుంచి తెల్లవారగానే పడుగులన్నీ ఆ ఖాళీ జాగాలోనే చాపేవాళ్లం. భూమి మాది కాదు. ఎవరిదో, వాళ్లు ఎక్కడో ఉంటారు, ఎప్పుడూ రారు. ఒకరోజు వాళ్లు రాకుండానే వాళ్ల భూమి అమ్ముడుపోయింది. వనపర్తి నుంచి ఒక సార్ వచ్చి రంగు రాళ్లు పాతించి, జెండాలు కట్టించి, మా మగ్గాల ఇంటి వెనక గోడ నీడ బాగుందని సరిగ్గా అక్కడే రేకుల షెడ్డు వేసి ఆఫీసు పెట్టాడు. ఇళ్ల కాలనీ అట, చుట్టూ ప్రహరీ గోడ అట. ఆ గోడ గీత మా పడుగులు చాపే దారి మీదుగానే పోతోంది.

"గోడ లేస్తే మగ్గం ఇప్పేసుడే," అన్నాడు మా పెదనాయన. ఆ రాత్రి ఆయన అన్నం సగంలోనే వదిలేశాడు. ఆయన మగ్గం పక్కదే నా మగ్గం. ఆయన విప్పితే నేనూ విప్పాల్సిందే.

అలా కమిటీ పుట్టింది. పెదనాయన అధ్యక్షుడు. రోజంతా దారం కండెలు చుట్టే మా మేనత్త (అందరికీ కండెలత్త) కోశాధికారి. మా వీధి చివర ఉండే ఆటో భాయ్ రవాణా చూసుకుంటాడు. మా చీరల మూటలు బస్టాండుకు చేరవేసేది ఆయనే, కాబట్టి గోడ లేస్తే ఆయన ఆటో కూడా ఆగుతుంది. నేను కార్యదర్శిని.

మొదటి నిర్ణయం ఏమిటంటే, తెల్లారే సరికి జాగాకు తూర్పు వైపు కూర్చుని జేసీబీని ఆపాలి. చీకటితోనే వెళ్లి కూర్చున్నాం. జేసీబీ పడమటి వైపు నుంచి వచ్చి పని మొదలుపెట్టింది. అంతటితో ఆగలేదు. షెడ్డులోంచి మాకు చాయ్ వచ్చింది. అందులో ఒక గ్లాసు వేరేగా పెట్టి, తెచ్చినవాడు, "గిది చక్కెర లేనిది, పెదనాయినకు," అన్నాడు. పెదనాయన గ్లాసు అందుకోబోయి ఆగిపోయాడు. ఆయనకు షుగర్ వచ్చిన సంగతి ముందురోజు సమావేశంలోనే బయటపెట్టాడు, అదీ చక్కెర లేని చాయ్ దొరుకుతుందంటేనే కూర్చుంటానని బేరం పెట్టే సందర్భంలో. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ చూపులు మళ్లీ మామూలు కావడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుని వెళ్లాం. మేం మెట్లెక్కేసరికి సార్ మనిషి అప్పటికే లోపల కుర్చీలో ఉన్నాడు. "రాండ్రి పెదనాయినా, జర లేటయింది," అని మాకే కుర్చీలు చూపించాడు. అధికారి మా మాట సగంలో ఉండగా ఫోన్ ఎత్తి, మిగతా సగం ఫోన్‌లో ఉన్నాయనది విన్నారు.

నేను రెండో అధ్యాయం తెరిచాను. మనలోనే గూఢచారి ఉన్నాడని ప్రకటించాను. ముందు వాట్సాప్ గ్రూపు తీసేయించాను. సమావేశానికి ముందు ఫోన్లన్నీ బియ్యం డ్రమ్ములో వేయించాను. ఇక అన్నిటికన్నా గొప్ప ఆలోచన (ఇది పూర్తిగా నాది, ఏ పుస్తకంలోనూ లేదు): సమావేశం ఎప్పటిలా మగ్గాల ఇంట్లోనే, కానీ ఇకనుంచి మనం మాట్లాడుతున్నంతసేపూ ఇద్దరు ముగ్గురు నేస్తూనే ఉండాలి. ఆ చప్పుడులో మన మాటలు బయటికి పోవు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కండెలత్త, "సదువుకున్నోడు ఇంట్ల ఉండాలె," అని మా అమ్మతో కూడా అందట.

అయినా రహస్యాలు పోతూనే ఉన్నాయి. పైగా ఇదివరకటికన్నా వివరంగా పోతున్నాయి. కండెలత్త కాళ్లకు కొత్త చెప్పులు కనిపిస్తే పెదనాయన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఊరుకుంటుందా?

"నా సెప్పులు సూస్తున్నవ్ గని, వీని సంకల ఎప్పటికీ బుక్కు ఎందుకుంటదో అడిగినవా? రోజు సాయంత్రం యాడికి వోతుండు?"

"లైబ్రరీకి, అత్తా."

"గంతగనం సదివి ఎవరికి జెప్తున్నవ్?"

నేను పుస్తకాన్ని ఇంకో చంకలోకి మార్చుకున్నాను. కానీ నా అనుమానం మాత్రం ఆటో భాయ్ మీదే. ఆయన ఆటో రోజూ మధ్యాహ్నం ఆ రేకుల షెడ్డు ముందే ఆగి ఉంటోంది. సార్‌తో నవ్వుతూ చాయ్ తాగుతున్నాడు. నవలల్లో పరిశోధకులు చేసినట్టే నేనొక రోజు మొహానికి రుమాలు కట్టుకుని బస్టాండులో ఆయన ఆటో ఎక్కాను. ముందే ఇద్దరు కూర్చుని ఉన్నారు, ప్లాట్లు చూడ్డానికొచ్చినవాళ్లు.

ఆటో కదిలాక భాయ్ తనలో తాను అనుకుంటున్నట్టు, "మంచి జాగనే సాబ్. జర నీళ్ల పరేషానే. మా తాత బాయి తవ్విచ్చిండు, చెంబెడు నీళ్లు పడలే," అన్నాడు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జాగా దగ్గర దిగి, రాళ్లను ఒకసారి చూసి, మళ్లీ అదే ఆటోలో బస్టాండుకు వెళ్లిపోయారు.

వాళ్లు దిగిపోయాక ఆటోలో నేనొక్కణ్నే మిగిలాను. భాయ్ అద్దంలో చూస్తూ, "రుమాల్ తీయ్ తమ్మీ, ఉడుకవోస్తది," అన్నాడు.

"భాయ్, మీ తాత బాయి యాడుంది?"

"గీడ గాదు, కోడేరుల. వాళ్లు అడగరు, నేను జెప్ప. వనపర్తి సార్ నాకు కిరాయి ఇస్తుండు, గిరాకిని తెమ్మన్నడు, తెస్తున్న. వాపస్ తీస్కపోవద్దని అన్లేదు గద."

"మరి కమిటీల ఎందుకు జెప్పలే?"

ఆయన ఆటో పక్కకు ఆపి, వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూశాడు. "కమిటీల జెప్తే సార్‌కు తెలుస్తది గద తమ్మీ!"

ఆయన కాకపోతే ఇంకెవరు? ఆ సాయంత్రమే సమావేశం ఎగ్గొట్టి షెడ్డు దగ్గరికి వెళ్లాను. బయట వాచ్‌మన్ తాత బీడీ కాలుస్తున్నాడు. పెద్దమందడి ఊరి మనిషి. నేను చాలా తెలివిగా వానల గురించి మొదలుపెట్టి, పంటల మీదుగా తిప్పి, "అవును తాతా, మా ముచ్చట్లు మీ సార్‌కు ఎవరు జెప్తరు?" అన్నాను.

"ఎవరు జెప్పుడేంది బిడ్డా, మీరే జెప్తరు గద!" అని బీడీతో పైకి చూపించాడు. మా మగ్గాల ఇంటి వెనక కిటికీ. సరిగ్గా షెడ్డు నెత్తిన. "మా సార్ గీడనే కుర్సేసుకొని ఇంటడు. నిన్న నువ్వే గద 'రహస్యం, రహస్యం' అని ఒర్లితివి?"

"మగ్గాల సప్పుడు ఉంటది గద తాతా!"

"సప్పుడు సప్పుడే, మాట మాటనే. టకటక అంటుంటె మీరు ఇంకింత గట్టిగ మాట్లాడ్తరు. మగ్గాలు లేనప్పుడు జర అర్థంగాకపోతుండె."

సరిగ్గా అప్పుడే ఆ కిటికీలోంచి పెదనాయన గొంతు జాగా మొత్తం మీదుగా వెళ్లింది: "మెల్లగ మాట్లాడుండ్రి! ఎవరన్న ఇంటరు!"

పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్య మాట్లాడేవాళ్లం మేము. మా ఇళ్లలో ఉప్పు అడిగినా పొరుగింటివాళ్లు ఇవ్వడానికి లేస్తారు. నాకు ఇది ఒక్కసారీ తట్టలేదు.

పరుగున లోపలికి వెళ్లి సంగతి చెప్పాను. కిటికీ మూసేయాలి, గోనె సంచులు కుక్కాలి, ఇకనుంచి గుసగుసలే అన్నాను. పెదనాయన గుసగుస ప్రయత్నించాడు. వాకిట్లో కుక్క లేచి నిలబడింది. కండెలత్త మాత్రం నా చేతిలోని గోనె సంచి లాక్కుని, మగ్గాలు ఆపమంది.

"ఎట్లనన్న ఇంటుండు గద, సక్కగ ఇననియ్. అన్నా, ఆఫీసుల నోట్లనే ఉండిపోయింది గద నీ మాట, గీడ జెప్పు."

పెదనాయన చేతిలోని దారం తుంపు పక్కన పెట్టాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. "భూమి మాది గాదు, మాకు ఎరికే. కొన్నోనిది కొన్నోనిదే. మాకు గావాల్సింది ఒక్క పడుగు పట్టేంత జాగ, అదిగూడ తెల్లారంగ జరసేపు. ఎండెక్కినంక నీ కార్లు తిప్పుకో, ఏమన్న జేస్కో. గోడ కడితే నేను మగ్గం ఇప్పి అటక మీదేస్త. గీ వయసుల నన్ను ఏ పనికి పిలుస్తరు? వాచ్‌మన్‌గ పెట్టుకోవాలన్నా చెవులు ఇనవడాలె గద."

కిటికీ అవతల ఎవరో దగ్గారు. తర్వాత కిటికీ మాట్లాడింది: "ఎంత వెడల్పు గావాలె, పెదనాయినా?"

కండెలత్త చేతిలోని కండె కింద పడింది. పెదనాయన ఒక్కడే వినపడక, "ఏమంటుండ్రురా?" అన్నాడు.

గోడ లోపలికి జరిగింది. మా ఇళ్ల వెనక పొడవునా తిన్నని దారి మిగిలింది. ఆ దారిని కూడా మేం చాలాకాలం నమ్మలేదు. పడుగు చాపిన మొదటిరోజు పెదనాయన నన్ను గోడ మీద కాపలా కూర్చోబెట్టాడు. సార్ ఎందుకు ఒప్పుకున్నాడో ఈనాటికీ వీధిలో ఏకాభిప్రాయం లేదు. ప్లాట్లు కదలడం లేదు కాబట్టి గొడవ వదిలించుకున్నాడని కొందరంటారు. నిజమే కావచ్చు. దారి చూపించడానికొచ్చిన రోజు ఆయన నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, నీళ్లు పడవని నా గిరాకికి ఎవరో జెప్తుండ్రు. నా మనుషులల్లనే ఎవడో ఉన్నడు. నాకు పెద్దమందడాయన మీద అనుమానం," అన్నాడు. నేను చాలా గంభీరంగా తల ఊపాను. మా పోరాటం మొత్తంలో బయటికి పొక్కని రహస్యం అదొక్కటే. ఆ మర్నాటి నుంచి భాయ్ తాత బావి గురించి మాట్లాడటం మానేశాడు.

ఇది రాయడానికి ఒప్పుకున్న ఆటో భాయ్‌కి నా కృతజ్ఞతలు ("ప్లాట్లన్నీ అమ్ముడువోయినయ్, రాస్కో," అన్నాడు). అన్యాయంగా అనుమానం మోసిన పెద్దమందడి తాతకు, కొత్త చెప్పులు తన సొంత డబ్బుతోనే కొనుక్కున్న కండెలత్తకు, ఈ ఉదయం కూడా పడుగు ఆ చివర నుంచి నన్ను కేకేసి పిలిచిన పెదనాయనకు కృతజ్ఞతలు. చివరగా ప్లాట్ల సార్‌కు. మా మాట చివరిదాకా విన్న మనిషి ఆయన ఒక్కడే (దొంగచాటుగానే అనుకోండి, అయినా విన్నాడు). అప్పుడప్పుడు ఆ కిటికీ కింద నిలబడితే, గోనె సంచి పట్టుకుని దాన్ని మూసేయాలని పట్టుబట్టిన కుర్రవాడు గుర్తొస్తాడు. ఆ రోజు వాడి మాట ఎవరూ వినకపోవడం ఎంత మంచిదైందో వాడికి చెప్పాలనిపిస్తుంది.