ముప్పై ఒకటో పేట: ఆర్.కె. పురం నుంచి నోయిడాకి ఒక పూసల తెర ప్రయాణం

మా మనవరాలు మైథిలి పన్నెండో తరగతి చదువుతోంది. డిజైన్ కాలేజీకి దరఖాస్తు పెడతానని దాని పట్టుదల. ఇంజనీరింగ్ కోచింగ్‌లో చేరమని దాని తండ్రి, అంటే మా అబ్బాయి పట్టుదల. నెల రోజులు అన్నం దగ్గర ఇదే వాదన విన్నాక, చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. నోయిడాలో కొందరు కుర్రకారు కలిసి పాత వీడియో ఆటల మీద చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారు. మైథిలి చేసింది అక్కడ గోడకెక్కితే దరఖాస్తు మీద వాడు సంతకం పెడతాడు. తిప్పి పంపిస్తే సోమవారం నుంచి కోచింగ్. శనివారం కూడా వాడికి ఆఫీసు ఉండటంతో తోడు వెళ్ళే పని నాకు పడింది.

చేసింది పూసల తెర. పాత టీవీ ఆటల్లో బొమ్మలన్నీ చిన్న చిన్న గళ్ళతోనే ఉంటాయి కాబట్టి ఒక గడికి ఒక పూస చొప్పున గుచ్చితే సరిపోతుందని మైథిలికి తోచింది. అది గ్రాఫు కాగితం మీద గీసింది, నేను గుచ్చాను. కాకినాడలో బడిపిల్లలకు లెక్కలు చెప్పిన రోజుల్లో పూసలతో చిలకలూ సంచులూ అల్లిన చేయి నాది. పేటకు ఎనభై పూసల చొప్పున నిలువుగా అరవై పేటలు, పైన అవి వేలాడే రెండడుగుల కర్ర. పసుపు టోపీ పెట్టుకున్న బుల్లి మనిషి నిచ్చెన ఎక్కుతుంటాడు. కింద నిప్పు, పైన తాళంచెవి, చుట్టూ నీలం. పూసలు సదర్ బజార్‌లో రంగుకిన్నని లెక్కపెట్టించి ఆరువందల నలభై రూపాయలకు కొన్నాను. "ప్రతి రంగూ ఇంకాస్త తీసుకోండి మాతాజీ" అని దుకాణదారు అన్నాడు. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు అదనం ఎందుకన్నాను. నీలం మాత్రం పొట్లం విడదీయనన్నందుకు ఒక పిడికెడు మిగిలింది.

వస్తువు మధ్యాహ్నం ఒంటిగంటలోపు హాల్లో వేలాడి ఉండాలని ప్రదర్శనవాళ్ళ షరతు. ఈ 2009 డిసెంబరు పొగమంచు వల్ల తొమ్మిదిన్నరకు గానీ బయలుదేరలేకపోయాం. తెరను చాపలా చుట్టి, పాత దుప్పట్లో మూటగట్టి, నాడాతో మూడు చోట్ల బిగించాను. ఆర్.కె. పురం నుంచి సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో స్టేషన్‌కి ఆటో. మీటరు పాడైందన్నాడు డ్రైవరు.

"మీటరు ఖరాబైతే నీ ఆటో కూడా ఖరాబే. దిగవే మైథిలీ" అన్నాను.

"నానమ్మా, టైమ్ లేదు యార్!"

"నేను నీ యార్‌ని కాను. దిగు."

మీటరు అప్పటికప్పుడు బాగైంది. నలభై నాలుగు రూపాయలైంది. మంచులో ముందు బండి వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించక నెమ్మదిగా పోవడంతో స్టేషన్ చేరేసరికి పదీ పది. నోయిడా దాకా టోకెన్లు ఇద్దరికీ ముప్పై ఎనిమిది రూపాయలు. నోయిడాకి మెట్రో ఈ మధ్యే పడింది. అంతకుముందైతే ఢిల్లీ ఆటోవాళ్ళు ఉత్తరప్రదేశ్ సరిహద్దు దాటమని మధ్యలో దింపేసేవాళ్ళు.

సామాను తనిఖీ యంత్రం దగ్గర మొదటి ఆటంకం వచ్చింది. మా మూట లోపలికి వెళ్ళి ఆగింది. యంత్రం స్క్రీను చూస్తున్న జవాను ముఖం ముడిచాడు.

"ఇస్ మే క్యా హై, మాతాజీ?"

పూసల తెర అని చెప్పాను. ఇన్ని గుండ్లేమిటి, మధ్యలో కర్రేమిటి, విప్పి చూపించమన్నాడు. విప్పితే పేటలు చిక్కుపడతాయి. విప్పకపోతే లోపలికి పంపడు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు "చలియే, చలియే" అంటున్నారు. తప్పు అతనిది కాదు, ఈ ఊళ్ళో అతని ఉద్యోగమే అది. నాడాలు విప్పి, ఒక బల్ల మీద సగం దాకా పరిచి చూపించాను. అతను ఒక పేట పట్టుకుని చూసి, "అచ్ఛా, గేమ్ వాలా! ఠీక్ హై, జాయియే" అని వదిలేశాడు. బల్ల ఖాళీ చెయ్యమని తొందర. నేను ఆడవాళ్ళ తనిఖీ తెర వెనక్కి వెళ్ళి వచ్చేలోపు మైథిలి గబగబా చుట్టి, నాడాలు తనే కట్టేసింది. మూడు చోట్లకు బదులు రెండు చోట్ల. చూశాను. రైలు కదలబోతోందని ఊరుకున్నాను.

సెంట్రల్ సెక్రటేరియట్ మేము మొదట ఎక్కే లైనుకి చివరి స్టేషన్ కాబట్టి అక్కడ ఎక్కితే కూర్చోడానికి చోటు దొరుకుతుంది. కానీ రెండో స్టేషన్ రాజీవ్ చౌక్‌లోనే దిగి నోయిడా లైనుకి మారాలి. ఆ మారే చోట జనం ఎలా ఉంటారో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. రెండు ఏరులు ఎదురెదురుగా వచ్చి ఒకే మెట్ల మీద కలిసినట్టు ఉంటుంది. నేను ముందు, మూటను గుండెకు హత్తుకుని మైథిలి వెనక. ప్లాట్‌ఫారమ్ మీదికి చేరామనుకున్నానో లేదో "నానమ్మా!" అని అరుపు.

మూట మధ్యలో, నాడా లేని చోట నుంచి ఒక పేట జారి వేలాడిందట. పక్కగా వెళ్ళే కుర్రాడి వీపుసంచి కొక్కేనికి తగులుకుంది. అతను రెండడుగులు ముందుకు వేశాడు. దారం తెగింది. పూసలు నేల మీద చిటపటలాడుతూ అన్ని వైపులకూ పరిగెత్తాయి.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. మైథిలి ఏడుస్తూ ఏరుతోంది. జనం మా చేతుల పక్కనుంచి బూట్లతో నడిచిపోతున్నారు. రైలు వస్తోందని గాలి ముందే చెప్పింది. కాపలా మనిషి ఈల వేసి, "పీలీ లైన్ సే పీఛే!" అని అరిచాడు. ఆ పసుపు గీత మీదికే పసుపు పూసలు దొర్లుకుపోయాయి. పసుపు మీద పసుపు కనబడితేనా!

"అయ్యయ్యో, ఆంటీ, నేను జూస్కోలేదు. మీరు లేవుండ్రి, నేనేర్త" అని ఎవరో తెలుగులో అన్నారు. ఆ వీపుసంచి కుర్రాడే. సివిల్స్‌కి చదువుతూ ఇక్కడే గది తీసుకుని ఉంటున్నాడట. మా మాట విని ఆగిపోయాడు. ఒక రైలు వదిలేశాం. రెండోదీ వదిలేశాం. అతను నేలకు చెంప ఆనించి బెంచీల కింద చేయి పెట్టి మరీ వెతికాడు. "ఎన్ని వోయినయో తేలేదాక రైలెక్కరా, ఆంటీ?" అన్నాడు చివరికి, నేను ఇంకా లెక్కపెడుతుంటే.

మూడో రైలెక్కాం. యమున దాటేటప్పుడు కిటికీ బయట తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. ఒళ్ళో రుమాలు పరిచి మళ్ళీ లెక్కపెట్టాను. తెగింది ముప్పై ఒకటో పేట, సరిగ్గా బుల్లి మనిషి ముఖం మీదుగా దిగేది. ఎనభైలో యాభై ఏడు దొరికాయి. మూడు నీలం, రెండు ఎరుపు, రెండు నలుపు పోతే ఏదోలా సర్దవచ్చు. పసుపు పదహారు పోయాయి. ముఖమంతా పసుపే. అదనం ఒక్కటి లేదు.

"ఆ పేట తీసేసి మిగతావి దగ్గరకు జరుపుదాం" అన్నాను.

"అప్పుడు ఒక్క కన్నే మిగులుతుంది, నానమ్మా."

కుర్రాడు మయూర్ విహార్‌లో దిగుతూ తన ప్యాంటు మడతలోంచి ఇంకొక పూస తీసి ఇచ్చాడు. అదీ నీలమే.

నోయిడా సెక్టార్ పద్దెనిమిదిలో దిగి పదిహేను రూపాయలకు రిక్షా ఎక్కి హాలు చేరేసరికి పన్నెండుంబావు. లోపల ఊలుతో అల్లిన రాక్షసులు, అగ్గిపెట్టెలతో కట్టిన కోటలు, గాజు మీద వేసిన బొమ్మలు. గోడలు దాదాపు నిండిపోయాయి. పేర్లు రాసుకునే పంజాబీ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. మా మూట విప్పించి, మధ్యలో ఖాళీ చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఆంటీజీ, అధూరా నహీ చలేగా. ఒంటిగంటకి పూర్తిగా ఉంటేనే పెడతాం."

మైథిలిని ఒక కుర్చీ దగ్గరికి లాగాను. "ఇక్కడే కూర్చో. కొత్త దారానికి ముడి వేసి సిద్ధంగా ఉంచు. పసుపు పూసలు నేను తెస్తాను" అని చెప్పి, బయట ఇంకా నిలబడి ఉన్న అదే రిక్షాలో అట్టా మార్కెట్‌కి వెళ్ళాను. మొదటి దుకాణంలో ముత్యాలే ఉన్నాయి. రెండోవాడు పూజ చేసుకుంటూ ఆగమన్నాడు. ఆగలేదు. నాలుగో దుకాణంలో అదే కొలత పసుపు పూసలు దొరికాయి, రంగు కొంచెం ముదురు. పొట్లం ఇరవై ఐదు రూపాయలు. బేరమాడలేదు. రానూపోనూ రిక్షాకు ఇరవై అయింది. హాలు మెట్లెక్కుతుంటే పన్నెండూ యాభై.

మైథిలి అప్పటికే పేట గుచ్చేసింది. దగ్గరికెళ్ళి చూశాను. దొరికిన పూసలూ, మిగిలిన నీలం పూసలూ, అన్నీ కలిపి ఒక వరసా పాడూ లేకుండా గుచ్చింది. కన్ను ఉండాల్సిన చోట ఎరుపు. గడ్డం దగ్గర నీలం. నిప్పులో నలుపు. ముఖాన్ని నిలువునా చీల్చినట్టు ఒక గజిబిజి గీత.

"ఏమిటే ఇది? పసుపు తెచ్చాను, ఇటివ్వు. పది నిమిషాలు చాలు నాకు."

"వద్దు నానమ్మా. ఉండనీ."

"ఇంత కష్టపడి ఆఖరున తప్పు పూసలా? వాళ్ళు తిప్పి పంపిస్తారు. మీ నాన్న..."

"తెలుసు!" అంది. తెరను మాత్రం వదల్లేదు. "పాత గేమ్ కాసెట్‌లో దుమ్ము పడితే టీవీలో ఇట్లానే వచ్చేది. నిలువుగా ఒక లైన్ గలత్. అప్పుడు కాసెట్ తీసి ఊదేవాళ్ళం. నువ్వు తిట్టేదానివి, గుర్తులేదా?"

గుర్తుంది. ఏడేళ్ళ పిల్ల బుగ్గలు పూరించి ఆ కాసెట్టు నోటి దగ్గర పెట్టుకుంటే, ఎంగిలి చేస్తున్నావని వీపు మీద ఒకటి ఇచ్చేదాన్ని. అయినా చేతిలో సరైన పూసలుండగా తప్పు పూసల్ని వేలాడదీయడం నాకు మింగుడుపడలేదు. తెర ఒక కొస దాని చేతిలో, ఇంకొక కొస నా చేతిలో. ఇద్దరం లాగితే మరో పేట తెగుతుంది. నేనే వదిలాను.

పంజాబీ అమ్మాయి వచ్చింది. ఆమె పక్కన ఇంకొక నిర్వాహకుడు. అతను చూడగానే, "యే తో ఖరాబ్ హై" అన్నాడు. ఆమె నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసింది. మళ్ళీ దగ్గరికి వచ్చింది. మైథిలి నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు గుచ్చుకుంది. నేను గోడ గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయాను.

ఆ అమ్మాయి పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, బుగ్గలు పూరించి, ఆ గజిబిజి పేట మీదికి ఫూ అని ఊదింది. ఖరాబన్న అబ్బాయి గట్టిగా నవ్వాడు. "అరే! హా! దీవార్ పే లగావో!" అని గోడకి కొట్టే మేకు కోసం తనే పరిగెత్తాడు.

మధ్యాహ్నమంతా నేను ఒక కుర్చీలో కూర్చుని చూశాను. ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు ఎవరు వచ్చినా ఆ తెర ముందు ఆగారు. సగం మంది ఊదారు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒకాయన ఊది, చుట్టూ చూసి, సిగ్గుపడి పక్కకు వెళ్ళిపోయాడు. బహుమతి మాత్రం అగ్గిపెట్టెల కోటకి వచ్చింది.

ఐదున్నరకు మా అబ్బాయి కారు తీసుకుని వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని తెర మొత్తం చూశాడు. వాడికి ఈ ఆటలు తెలియవు.

"బాగుంది. కానీ మధ్యలో ఒక వరస తప్పు పడినట్టుందే, అమ్మా?"

మైథిలి నా వైపు చూసింది. పసుపు పొట్లం నా సంచిలోనే ఉంది. జీవితమంతా తప్పు లెక్కల కింద ఎర్రగీత గీసినదాన్ని.

"తప్పు కాదురా. అది అలాగే ఉండాలి."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?"

"నేనే. గోడకెక్కింది చూశావుగా, సంతకం పెట్టు."

ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ పెట్టాడు. ముందు దరఖాస్తులోని షరతులన్నీ రెండుసార్లు చదివాడనుకోండి.

నిజం చెప్పాలంటే, తెర ఇంటికొచ్చాక కూడా ఆ పేట మీద నా చూపు పడినప్పుడల్లా ఇప్పటికీ చేయి దురదపెడుతుంది. పిల్ల చెప్పింది నాకు అర్థమైంది గానీ కంటికి ఇంకా అలవాటు కాలేదు. అరవై పేటల్లో యాభై తొమ్మిది నావి. ఆ ఒక్కటీ పూర్తిగా మైథిలిది. జనం ఆగింది ఆ పేట ముందే. ఇన్నాళ్ళూ అది గీస్తే నేను గుచ్చుతున్నానని, పని నాదేనని లోపల అనుకున్నాను. ఆ రోజు కొస వదిలినప్పుడు గానీ ఎవరి పనో నాకు తెలియలేదు.

మీరు కూడా ఇలాంటిదేదైనా మెట్రోలో తీసుకెళ్తుంటే దుప్పట్లో చుట్టకండి. లోపలిది బయటికి కనబడే దళసరి ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు కొసలూ కుట్టేయండి. తనిఖీ దగ్గర విప్పమనే అవసరం చాలావరకు ఉండదు, రాజీవ్ చౌక్ జనంలో ఏదీ జారి వేలాడదు. కవరు పన్నెండు రూపాయలు.